సంగటి ముద్ద మానాలా? కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల పొద్దుటి తిండి గురించి

ఉరవకొండ దగ్గరి పల్లె నుంచి మీరు రాసిన ప్రశ్న రెండుసార్లు చదివాను. మామగారికి 62 ఏళ్లు. షుగరు, బీపీ పద్నాలుగేళ్లుగా ఉన్నాయి. క్రియాటినిన్ (కిడ్నీ వడగట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, పనితనం తగ్గితే రక్తంలో పెరుగుతుంది) 2.8, పొటాషియం 5.6, భాస్వరం 4.8. డయాలసిస్ ఇంకా మొదలు కాలేదు. నాలుగు నెలల్లో బరువు 60 కిలోల నుంచి 55కు దిగింది. ఎవరో ఇచ్చిన చీటీలో రాగి, జొన్న, సజ్జ, కొర్ర, ఓట్స్ అన్నీ కొట్టేసి, తెల్లన్నం, ఇడ్లీ మాత్రమే తినమని రాశారు. ఇంకోవైపు మీ ఆడబిడ్డ ఫోనులో వీడియోలు పంపి, కొర్రల జావ తాగితే క్రియాటినిన్ దిగుతుందని పట్టుబడుతోంది. పొద్దున ఆయనకు వేడిగా ఏమి పెట్టాలన్నది మీ సందేహం. ఇంట్లో రెండు వంటలు చేయాల్సిందేనా అని చివర్లో ఒక మాట అడిగారు. అదే అసలు ప్రశ్నేమో అనిపించింది నాకు. దానికి ఆఖరున వస్తాను.

నేను కర్నూలులో కొన్నాళ్లు, తర్వాత అనంతపురంలో, మొత్తం ఇరవై రెండేళ్లు ఆస్పత్రుల్లో డైటీషియన్‌గా పనిచేశాను. సూటిగా చెబుతాను. ఈ అంకెలతో మీ మామగారు సంగటి మానాల్సిన పని లేదు. ముద్ద చిన్నది కావాలి, అందులో రాగిపిండి తగ్గి బియ్యం పెరగాలి. అంతకన్నా ముందు ముద్ద పక్కన కంచంలో ఏముందో చూడాలి. కొర్రల జావకు క్రియాటినిన్ దించే శక్తి లేదు. అలాగని కొర్రలు విషమూ కాదు.

ఇంత ధీమాగా చెప్పడానికి కారణం, ఒకప్పుడు నేనూ అలాంటి చీటీలే పంచాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా దగ్గర అచ్చువేసిన కాగితం ఒకటి ఉండేది. ఓట్స్ వద్దు, కార్న్‌ఫ్లేక్స్ వద్దు, బ్రౌన్ బ్రెడ్ వద్దు అని ఎవరో పట్నం వాళ్ల కోసం రాసింది. వేరుశనగ పండించే ఒక రైతు చేతిలో ఆ కాగితం పెట్టి, కింద నా చేతిరాతతో ‘సంగటి వద్దు’ అని కూడా చేర్చాను. ఆయన జన్మలో ఓట్స్ చూసి ఉండడు. తనకు తెలిసినదల్లా ఆ చివరి మాట ఒక్కటే, దాన్ని మాత్రం అక్షరాలా పాటించాడు. సంగటి మానేశాక కడుపు నిండక నీరసపడ్డాడు. నీరసానికి ఇంట్లోవాళ్లు రోజుకు రెండు కొబ్బరి బోండాలు తాగించారు. మూడు వారాలకు తిరిగి వచ్చినప్పుడు పొటాషియం 6.8 ఉంది, అంటే గుండె లయ తప్పే అంకె. కొబ్బరి నీళ్లలో 100 మిల్లీలీటర్లకే సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక్క బోండాంలో ఉండే పొటాషియం, ఆయన మానేసిన ముద్దలో ఉండేదానికన్నా ఎక్కువే. ఆ కాగితంలో కొబ్బరి నీళ్ల ఊసే లేదు. ఆ రోజు నుంచి ఏది వద్దో చెప్పే ముందు, నిన్న ఏమేమి తిన్నారో గుక్క తిప్పుకోకుండా చెప్పించుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో పొటాషియం దాదాపు 440 మిల్లీగ్రాములు, భాస్వరం 210. పాలిష్ పట్టిన బియ్యంలో పొటాషియం 108, భాస్వరం 96. జొన్నల్లో 328, 274. సజ్జల్లో 365, 289. గోధుమ పిండిలో రెండూ 310 పైచిలుకు. ఈ అంకెలు చూసే చీటీ రాసినవారు బియ్యం తప్ప మిగతావన్నీ కొట్టేశారు. అంకెలు తప్పు కావు. కానీ కంచంలో 100 గ్రాముల రాగులు ఒంటరిగా ఉండవు కదా.

మీ ఇంటి ముద్దనే తీసుకుందాం. పొలం పనికి వెళ్లే రోజుల్లో మీ మామగారు తిన్న ముద్దలో 100 గ్రాముల పిండి, 30 గ్రాముల బియ్యం ఉన్నాయనుకుంటే పొటాషియం 475 దాకా వస్తుంది. దాని పక్కన ఒక కప్పు పప్పు వేశారు. 30 గ్రాముల కందిపప్పుతో చేసినా అందులోనే దాదాపు 400. గుప్పెడు వేరుశనగ విత్తనాలు వేసి నూరిన ఊరిబిండిలో మరో 200. టమోటా, చింతపండు, ఆకుకూర కలిశాయంటే చెప్పనక్కర్లేదు. అన్నీ కలిపితే పొటాషియంలో ముద్ద వాటా మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ, అంతే. కడుపు నింపేది మాత్రం ఆ ముద్దే. అలాంటిది ముద్దను తీసేసి పప్పును, ఊరిబిండిని అలాగే ఉంచి, వాటిలోకి తెల్లన్నం కలుపుకుంటే ఏమవుతుంది? అన్నం ఎక్కువ జారుతుంది, దానితో పప్పూ ఎక్కువే జారుతుంది. మీ ఇంట్లో జరిగింది ఇదో కాదో నాకు తెలియదు, కాబట్టి మూడు రోజులు ఆయన తిన్నదంతా ఒక పుస్తకంలో రాసి చూడండి.

నేను చెప్పే సంగటి ఇలా ఉంటుంది. 50 గ్రాముల బియ్యం, 30 గ్రాముల రాగిపిండి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనండి. చేతి అంచనాతో పిండి పోసేవాళ్లకు 30 గ్రాములంటే ఎంత తక్కువో మొదటిసారి తూచినప్పుడే తెలుస్తుంది. బియ్యం కడిగి అరగంట నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. ఆరు రెట్ల నీళ్లలో ఉడికించి, మెతుకు ముప్పాతిక ఉడికాక గంజి వార్చేయండి. పొటాషియం నీటిలో కరుగుతుంది కాబట్టి కొంత ఆ గంజితో పోతుంది. తర్వాత గ్లాసున్నర వేడి నీళ్లు కొత్తగా పోసి, తెర్లుతుండగా మంట తగ్గించి, రాగిపిండిని నడిమధ్యలో కుప్పగా వేయండి. తెడ్డు కాడతో కుప్పలో ఒక గుంట చేసి, మూత ఓరగా పెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఆ గుంటలోంచి నీరు పైకి తెర్లి పిండిని పచ్చి లేకుండా ఉడికిస్తుంది. దించాక గెలకడం మీకు నేను నేర్పేది కాదు. చేతికి తడి చేసుకుని ముద్ద కట్టి, పైన ఒక చెంచా నెయ్యి వేయండి. ఇందులో పొటాషియం 190 లోపే. గంజి వార్చారు కాబట్టి ఇంకాస్త తక్కువ కూడా కావచ్చు. భాస్వరం 110, ప్రొటీన్ 6 గ్రాములు. పిండిలో ఉప్పు వేయకండి. మొదటి రోజు మామగారు ముఖం చిట్లిస్తారు, వారం గడిస్తే అలవాటవుతుంది.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. సంగటి, జొన్న రొట్టె, వట్టి అన్నం — ఇవి ఉప్పు లేకుండానే కుదిరే తిండ్లు. ఇడ్లీ, దోసె, ఉప్మా, బ్రెడ్ అలా కాదు. ఉప్పు పిండిలోనే కలిసిపోతుంది, నాలుకకు తెలియదు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి రోజుకు 2 గ్రాముల లోపు సోడియం అంటారు. అంటే ఉప్పు లెక్కలో 5 గ్రాములు, చదునుగా కొట్టిన ఒక చిన్న చెంచా, రోజంతటికీ కలిపి. బీపీ ఉన్న మనిషికి సంగటి మాన్పించి, పూటకు నాలుగు ఇడ్లీలు, వాటికి కారప్పొడి, పైన ఆవకాయ పెట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాని వైద్యం. సైంధవ లవణం వాడితే మంచిదని ఎవరైనా అంటే నమ్మకండి, అది కూడా సోడియమే. అంగట్లో ‘తక్కువ సోడియం ఉప్పు’ అని అమ్మేది మరీ ప్రమాదం. సోడియం తగ్గించిన చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. 5.6 ఉన్న మనిషికి అది పొరపాటున కూడా పెట్టకూడదు. ఇంట్లో మిగతావాళ్ల కోసం తెచ్చినా డబ్బాల మీద పేర్లు రాసి వేరుగా పెట్టండి.

భాస్వరం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రిపోర్టులో ఫాస్ఫరస్ అని ఉండేది ఇదే. మామూలుగా 2.5 నుంచి 4.5 మధ్య ఉండాలి. ఆయనది 4.8, అంటే గీత దాటింది కానీ పరుగెత్తడం లేదు. ధాన్యాల్లోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ అనే రూపంలో గింజలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడదీసే ఎంజైమ్ మన పేగుల్లో దాదాపు లేదు. అందుకే రాగుల్లో, జొన్నల్లో కాగితం మీద కనిపించే భాస్వరంలో సగానికన్నా తక్కువే ఒంటికి పడుతుంది. మాంసం, పాలల్లోది అంతకన్నా ఎక్కువ పడుతుంది. కంపెనీ ప్యాకెట్లలో కలిపే ఫాస్ఫేట్ లవణాలైతే దాదాపు అంతా రక్తంలోకి చేరుతుంది. కాబట్టి ముద్ద కన్నా ముందు అనుమానించాల్సింది ప్యాకెట్టును. నిమిషంలో తయారయ్యే నూడుల్స్, ఉప్మా మిక్సులు, బేకరీ సరుకు, నల్లటి శీతల పానీయాలు చూడండి. వెనకాల సన్న అక్షరాల్లో ఐ.ఎన్.ఎస్. 339, 340, 341, 450, 451, 452 అనే అంకెల్లో ఏది కనిపించినా కింద పెట్టేయండి. ఆ అంకెలన్నీ ఫాస్ఫేట్లవే.

దీనికి ఒక చిన్న మెలిక ఉంది. మొలకెత్తించిన రాగుల జావ బలమని అందరూ చెబుతారు. చంటిబిడ్డకు నిజంగా బలమే. మొలకెత్తినప్పుడు, పులిసినప్పుడు గింజలోని ఫైటేట్ విడిపోయి, అందులోని ఖనిజాలు ఒంటికి బాగా అందుతాయి. భాస్వరం కూడా అలాగే అందుతుంది. భాస్వరం వద్దనుకుంటున్న మనిషికి అది మేలు కాదు. ఎప్పుడో ఒకనాడు తాగితే మునిగిపోయేదేమీ లేదు గానీ, కిడ్నీకి మంచిదని రోజూ మొలకల రాగిమాల్టు పోయకండి. మామూలు పిండి చాలు. పైగా మాల్టును పాలతో కాచుతారు. 200 మిల్లీలీటర్ల పాలలో పొటాషియం 300 దాకా, భాస్వరం 190 దాకా ఉంటుంది. గ్లాసులోని రాగిపిండి కన్నా పాలే బరువు.

కొర్రల విషయానికి వస్తే, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన దగ్గర నుంచి ప్రతి ఫోనులోనూ ఒక వైద్యుడు పుట్టాడు. దెబ్బతిన్న వడపోత గొట్టాలను తిరిగి మొలిపించే గింజ ఏదీ లేదు. క్రియాటినిన్ ఒక నెల కాస్త దిగిందంటే, ఆ నెల మాంసం మానేసి ఉండవచ్చు, ఒంట్లో నీరు సరిపడా ఉండి ఉండవచ్చు, కండ కరిగి ఉండవచ్చు. మీ మామగారు అయిదు కిలోలు తగ్గారు కాబట్టి ఈ మూడోది గుర్తుంచుకోండి. క్రియాటినిన్ పుట్టేది కండలోంచే. మనిషి చిక్కిపోతుంటే ఆ అంకె దిగడం సంతోషించాల్సిన వార్త కాదు. షుగరు వరకైతే కొర్రన్నం తెల్లన్నం కన్నా నయమే. పొటాషియం కూడా రాగుల కన్నా తక్కువే. ప్రొటీన్ మాత్రం 100 గ్రాములకు 12 గ్రాముల దాకా ఉంటుంది, అది లెక్కలో వేసుకోవాలి. వారానికి రెండు పూటలు 60 గ్రాముల కొర్రలతో అన్నం వండితే నాకేమీ అభ్యంతరం లేదు. ఆడబిడ్డ మనసూ నిలుస్తుంది.

ఎవరూ పట్టించుకోనివి సామలు, అరికెలు. మన పెద్దవాళ్లు కరువు రోజుల్లో అరికెల అన్నం తిని గట్టెక్కినవాళ్లే. ఇందాక చెప్పిన పట్టికల్లోనే సామల్లో పొటాషియం 105, భాస్వరం 130. అరికెల్లో పొటాషియం 94, భాస్వరం 101. అంటే తెల్లబియ్యంతో దాదాపు సమానం, పీచు మాత్రం బియ్యం కన్నా ఎక్కువ. ఒకవైపు షుగరు, ఇంకోవైపు పొటాషియం నడుమ ఇరుక్కున్న మనిషికి ఇంతకన్నా అనువైన గింజ నాకు కనిపించలేదు. అయితే ఆ అంకెలు పొట్టు తీసిన గింజవి. ‘అన్‌పాలిష్డ్’ అని ఎక్కువ ధరకు అమ్మేవాటిలో తవుడు ఉంటుంది, తవుడుతో పాటే భాస్వరం, పొటాషియం పెరుగుతాయి. మామూలు మనిషికి తవుడు మంచిది, మీ మామగారికి అంత అవసరం లేదు. రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు మార్చి, పలుచటి ఉప్మాలా వండండి. ఉల్లిపాయ, రెండు బీన్స్, పచ్చిమిర్చి, కరివేపాకు, ఆవాలు. దించే ముందు చిటికెడు ఉప్పు పైన చల్లితే, ఉడికేటప్పుడు వేసిన దానికన్నా తక్కువతోనే నాలుకకు తెలుస్తుంది.

జొన్న రొట్టె రాత్రి పూటకు బాగుంటుంది. 50 గ్రాముల పిండితో ఒక రొట్టె చేస్తే పొటాషియం 165, భాస్వరం 137. ఒక్కటే చాలు, పక్కన బీరకాయో సొరకాయో. సజ్జ రొట్టె ఎప్పుడైనా ఒకసారి. గోధుమ చపాతీ జొన్న రొట్టె కన్నా కిడ్నీకి మేలేమీ కాదు. షుగరు ఉన్నవాళ్లు అన్నం మాని చపాతీ తినాలన్న నమ్మకం మన దగ్గర ఎలా పాతుకుపోయిందో గానీ, రెంటి మధ్య మీరనుకున్నంత తేడా లేదు.

ఓట్స్ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. 40 గ్రాముల వట్టి ఓట్స్‌లో పొటాషియం 145, భాస్వరం 165, ప్రొటీన్ 5 గ్రాములు. ఇష్టముంటే నీళ్లలో ఉడికించి వారానికి రెండుసార్లు తినవచ్చు. పాలతో వద్దు, అరటిపండు ముక్కలు అసలే వద్దు. మసాలా ఓట్స్ ప్యాకెట్టులో రుచి అంతా ఉప్పుదే, అది ఇంట్లోకి రానీయకండి. ఇష్టం లేకపోతే ఓట్స్ తినాలని ఎవరికీ రాసిపెట్టి లేదు. సంగటి తిన్న నోటికి అది జిగురు గంజిలా అనిపిస్తే ఆయన తప్పేమీ లేదు.

ఉగ్గాని తినవచ్చా అన్నది మీరు అడగలేదు. కానీ గుంతకల్లులో, కర్నూలులో, ఆదోనిలో ఈ ప్రశ్న అడగని పేషంటు నాకు తగల్లేదు. బొరుగులు బియ్యమే కాబట్టి పొటాషియం భయం లేదు. అయితే బట్టీలో వేయించే ముందు బియ్యానికి ఉప్పునీళ్లు పట్టిస్తారు. నాలుగు బొరుగులు నోట్లో వేసుకుని చప్పరించి చూడండి, ఉప్పగా ఉంటే తెలిసిపోతుంది. నానబెట్టే నీళ్లు ఒకటికి రెండుసార్లు మార్చి గట్టిగా పిండితే ఆ ఉప్పు చాలావరకు నీటిలోకి దిగుతుంది. తర్వాత మీరు వేరే ఉప్పు వేయనక్కర్లేదు. పుట్నాల పొడి రెండు చెంచాలకు మించకూడదు. టమోటా వద్దు, నిమ్మకాయ రసం అర చెక్క చాలు. పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి తినడం మాత్రం ఇక జ్ఞాపకంగా మిగలాల్సిందే. షుగరు కూడా ఉంది కాబట్టి ఉగ్గాని వారానికి ఒక్కసారి.

బొంబాయి రవ్వ ఉప్మా, బియ్యపు రవ్వ ఉప్మా పొటాషియం లెక్కలో తేలికే. జీడిపప్పు, శనగపప్పు పోపులో తగ్గించండి. సగ్గుబియ్యంలో ప్రొటీన్, పొటాషియం, భాస్వరం మూడూ దాదాపు సున్నా కాబట్టి ప్రొటీన్ తగ్గించాల్సిన వాళ్లకు అది అక్కరకు వస్తుంది. కానీ షుగరును ఒక్కసారిగా ఎగదోస్తుంది, మీ మామగారికి అది కుదరదు.

బార్లీ నీళ్ల గురించి కూడా ఒక మాట. కిడ్నీ అనగానే బార్లీ నీళ్లు, ఉలవ కట్టు అనడం మన ఇళ్లలో పరిపాటి. ఆ సలహాలు కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్ల కోసం పుట్టినవి. రాళ్లు వేరు, కిడ్నీ పనితనం తగ్గడం వేరు. రాళ్లు ఉన్నవాళ్లను నీళ్లు బాగా తాగమంటారు. పనితనం బాగా తగ్గి, కాళ్లకు వాపు వచ్చినవాళ్లకు నీళ్లు కొలిచి ఇస్తారు. ఉలవల్లో పొటాషియం చాలా ఎక్కువ. ఉలవచారు మీ మామగారి కంచంలోకి రాకూడదు. బార్లీ గింజను అన్నంలా వండుకుంటే తప్పు లేదు, మందనుకుని చెంబులు చెంబులు తాగించకండి.

ఇక బరువు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది మీరు చివర్లో ఎక్కడో రాసిన ఆ అయిదు కిలోలే. క్రియాటినిన్ 2.8, వయసు 62 అంటే కిడ్నీ వడపోత (రిపోర్టులో ఇ.జి.ఎఫ్.ఆర్. అని ఉండేది) సుమారు 25 దగ్గర ఉంటుంది, అది జబ్బు అయిదు దశల్లో నాలుగోది. ఈ దశలో డయాలసిస్ లేనివారికి ప్రొటీన్ కిలోకు 0.8 గ్రాములు అంటారు. ఆయన పాత బరువు 60 కిలోల మీద లెక్కేస్తే 48 గ్రాములు. మూడు పూటలూ కలిపి 250 గ్రాముల ధాన్యం తింటే అందులోనే 20 గ్రాములు వచ్చేస్తుంది. మిగతాది ఒక గుడ్డులోని తెల్లసొన, చిన్న కప్పు పెరుగు, పలుచటి పప్పు లేదా వారానికి ఒకటి రెండుసార్లు అరచేతిలో సగమంత కోడి ముక్క లాంటివాటి నుంచి రావాలి. సంగటి, కోడిపులుసు ఆదివారం పూట ఉండవచ్చు, పులుసు తక్కువ, ముక్క ఒకటి. ప్రొటీన్ తగ్గించమన్నారని తిండే తగ్గించేస్తే శరీరం తన కండను తనే తినేస్తుంది. ధాన్యం కోసేసిన చోట నూనె, నెయ్యి కూడా పోయాయేమో చూడండి. రోజుకు ఇంకో మూడు చెంచాలు చేరిస్తే 130 కేలరీలు వస్తాయి, కిడ్నీకి వాటి బరువు ఉండదు.

ఇంకొక జాగ్రత్త చెప్పాలి. కిడ్నీ పనితనం తగ్గే కొద్దీ ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. తిండి తగ్గి, మాత్ర అంతే ఉంటే షుగరు పడిపోతుంది. తెల్లవారుజామున చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. కొబ్బరి నీళ్లు, బత్తాయి రసం వద్దు. ఆ తర్వాత డాక్టరుకు చెప్పి మాత్రల మోతాదు చూపించుకోండి.

పొటాషియం 5.6 కావడానికి తిండి ఒక్కటే కారణమని అనుకోవద్దు. బీపీకి, గుండెకు ఇచ్చే కొన్ని మందులు పొటాషియాన్ని పెంచుతాయి. రక్తంలో ఆమ్లం పెరిగినా, షుగరు అదుపు తప్పినా పెరుగుతుంది. మలబద్ధకం కూడా ఒక కారణమే. కిడ్నీ వదలలేని పొటాషియంలో కొంత పేగు బయటికి పంపుతుంది, విరేచనం కాకపోతే ఆ దారీ మూసుకుంటుంది. తెల్లన్నం, ఇడ్లీ మాత్రమే తినే మనిషికి మలబద్ధకం రాకుండా ఎలా ఉంటుంది? చీటీ మీద నా మొదటి కోపం ఇక్కడే. మందుల చీటీ తీసుకెళ్లి ‘ఇందులో పొటాషియం పెంచేవి ఏమైనా ఉన్నాయా’ అని మీ కిడ్నీ డాక్టరును అడగండి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. రెండు వారాలు ఈ పద్ధతిలో పెట్టి మళ్లీ పరీక్ష చేయించండి. పొటాషియం 5.5 దాటే ఉంటే రాగి 30 గ్రాముల నుంచి 15కు తగ్గించి, మిగతాది సామలతో నింపుదాం. 6 దాటితే తిండి గురించి నాకు రాస్తూ కూర్చోకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

మునుముందు డయాలసిస్ అవసరమైతే ఈ లెక్కలు మారిపోతాయి. అప్పుడు ప్రొటీన్ కిలోకు 1 నుంచి 1.2 గ్రాములకు పెంచుతారు, తాగే నీరు తగ్గిస్తారు. జావ, అంబలి, గంజి అన్నీ నీటి లెక్కలోకే వస్తాయి. ఒక పెద్ద గ్లాసు అంబలి అంటే పావు లీటరు నీరు. ఆ రోజుల్లో జావ కన్నా గట్టి ముద్దే మేలు. భాస్వరం తగ్గడానికి మాత్రలు రాస్తే అవి ముద్దతో పాటే మింగాలి, తిన్న గంట తర్వాత వేసుకుంటే పని చేయవు.

ఇప్పుడు మీ ఆఖరి ప్రశ్న. రెండు వంటలు వద్దు. పొలానికి వెళ్లే మీ ఆయనకు, పిల్లలకు కూడా ఇదే సంగటి, ఇదే పలుచటి పప్పు పెట్టండి. వాళ్లకు పిండి ఎక్కువ కావాలంటే, ముందుగా మామగారి గిన్నెలో ఆయన ముద్ద గెలికి పక్కన పెట్టి, ఆ తర్వాత పెద్ద కుండలో పిండి వేసుకోండి. ఆయనకు కూర తీసి పక్కన పెట్టాకే మిగతా కూరలో ఉప్పు వేయండి. ఊరిబిండి రోట్లో ఉప్పు లేకుండా నూరి, ఆయనకు ఒక్క చెంచా ముందే తీసి, మిగిలినదానిలో ఉప్పు కలిపి నూరండి. ఆవకాయ జాడీ కంచాల దగ్గరి నుంచి తీసి అటక మీద పెట్టండి. కావలసినవాళ్లు లేచి తెచ్చుకుంటారు.